ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌లోని జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ను డెబియన్ సర్వర్‌కు మార్చాలి: డిస్కులు తీసుకువెళ్లడమా, డేటా పంపడమా?

నాగావళి తీరం (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లు తిరిగి తప్పెటగుళ్లు, జముకుల కథ, పెళ్లి పాటలు, ఊడ్పు పాటలు రికార్డు చేసి దాచే చిన్న బృందం మాది. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వారి గొంతు మిగిలి ఉన్నది మా సర్వర్‌లోని నాలుగు డిస్కుల మీద మాత్రమే కాబట్టి, వాటిని కదిపే ముందు తెలిసినవారిని అడగడం మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ సర్వర్ శ్రీకాకుళంలో ఒక అద్దె గదిలో ఫ్రీబీఎస్‌డీ 12.4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోంది. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్‌జెడ్1 పద్ధతిన కలిపిన ఒకే పూల్‌లో (ఉమ్మడి నిల్వలో), అయిదు డేటాసెట్లుగా (విడి విభాగాలుగా), సుమారు 6 టెరాబైట్ల డేటా ఉంది. ఏర్పాటు చేసిన మిత్రుడు వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఫ్రీబీఎస్‌డీ 12కు భద్రతా సవరణలు 2023 డిసెంబరు 31తో ఆగిపోయాయి. మిగిలినవాళ్లలో ఎవరికైనా అంతో ఇంతో తెలిసినది లినక్సే. అందువల్ల విజయనగరంలో ఆరు డిస్కులు పట్టే కొత్త సర్వర్‌ను డెబియన్ 12 అనే లినక్స్‌తో సిద్ధం చేశాము. బ్యాకప్ కోసమని 8 టెరాబైట్ల డిస్కులు రెండు కొన్నాము గాని, ఇంకా వాడలేదు.

పాత సర్వర్‌లోని నాలుగు డిస్కులు ఊడదీసి, ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం తీసుకువెళ్లి, కొత్త సర్వర్‌లో పెట్టాలని అనుకుంటున్నాను. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన పూల్‌ను మరొకటి గుర్తిస్తుందా? ఫ్రీబీఎస్‌డీ ఒక పేరుతో, లినక్స్ మరొక పేరుతో డిస్కులను పిలుస్తాయి గదా, దానివల్ల ఇబ్బంది ఉందా? పని చెడితే డిస్కులను మళ్లీ పాత సర్వర్‌లో పెట్టి యథాస్థితికి రావచ్చా?

ఇవి కాక, ఒక పాత విండోస్ కంప్యూటర్‌లోని 2 టెరాబైట్ల డిస్కు కూడా ఉంది. పాటల ప్రతిలేఖనాలన్నీ తెలుగు పేర్లున్న ఫైళ్లుగా అందులోనే ఉన్నాయి. దానిని కూడా ఇదే సర్వర్‌లోకి తేవాలి.

గంటస్తంభం (విజయనగరం)

నాగావళి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు, గుర్తిస్తుందనే. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ సొలారిస్ కోసం తయారుచేసి 2005లో దాని సోర్సును విడుదల చేసింది. డిస్కు మీద రాసే తీరు ఏ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్‌కో, ఏ ఒక్క ప్రాసెసర్‌కో కట్టుబడి ఉండకూడదన్నది దాని రూపకల్పనలోనే ఉంది. పూల్‌లోని ప్రతి డిస్కు మీద, ముందువైపు రెండు, చివర రెండు, మొత్తం నాలుగు చోట్ల ఒకే లేబుల్ ఉంటుంది. ఈ డిస్కు ఏ పూల్‌కు చెందినది, అందులో దీని స్థానం ఏది అన్నది ఆ లేబుల్ చెబుతుంది. కాబట్టి ఫ్రీబీఎస్‌డీ ఆ డిస్కును ఏడీఏ0 అన్నా, లినక్స్ ఎస్‌డీఏ అన్నా, కేబుళ్ల వరుస తారుమారైనా పూల్ దొరుకుతుంది. అయితే లినక్స్‌లో పూల్‌ను ఇంపోర్ట్ చేసేటప్పుడు, అంటే తెరిచి వాడుకలోకి తెచ్చేటప్పుడు, డిస్కుల తయారీ సంఖ్యలతో పేర్లు ఉండే ‘బై-ఐడీ’ డైరెక్టరీని చూపించండి. రేపు ఒక డిస్కు పాడైతే, ఏది తీయాలో దాని మీది స్టిక్కరు చూసి చెప్పవచ్చు.

గుర్తించడానికి అడ్డుపడేవి ఫీచర్లు, అంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు తరువాత చేరిన అదనపు సదుపాయాలు. పూల్‌లో వాడుకలోకి వచ్చిన ఫీచరును కొత్త సర్వర్‌లోని జెడ్‌ఎఫ్‌ఎస్ ఎరగకపోతే ఇంపోర్ట్ జరగదు. కొన్ని ఫీచర్ల విషయంలో మాత్రం చదవడానికి అనుమతించి, రాయడానికి నిరాకరిస్తుంది. మీరు వెళ్తున్నది పాతదాని నుంచి కొత్తదానికి. డెబియన్ 12లో వచ్చే ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.1కు (జెడ్‌ఎఫ్‌ఎస్ ఓపెన్ సోర్స్ రూపానికి) ఫ్రీబీఎస్‌డీ 12 ఫీచర్లు తెలుసు. సన్‌ను కొన్న ఒరాకిల్ వారి సొలారిస్ నుంచి తెచ్చిన పూల్ అయితే, దాని వెర్షన్ 28 దాటి ఉంటే, దారి మూసుకుపోయినట్టే. మీకు ఆ సమస్య లేదు.

మీ పూల్ కింద గెలి అనే ఎన్‌క్రిప్షన్ పొర ఉన్నదేమో మాత్రం ముందుగా చూసుకోండి. అది ఫ్రీబీఎస్‌డీకి మాత్రమే తెలిసినది. ఉంటే లినక్స్‌కు ఆ డిస్కుల మీద అర్థంలేని అంకెలు తప్ప మరేమీ కనిపించవు. అలాగే కొత్త సర్వర్‌లో డిస్కులు రెయిడ్ కార్డు (డిస్కులను తానే కలిపి చూపే కార్డు) వెనుక ఉండకూడదు, నేరుగా కనిపించాలి. యూఎస్‌బీ డాకులు కూడా వద్దు. వాటిలో కొన్ని సెక్టారు పరిమాణాన్ని మార్చి చూపిస్తాయి, అప్పుడు పార్టిషన్ పట్టికే చదవడం కుదరదు.

పాత సర్వర్‌లో ‘జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్’ (పూల్‌ను పద్ధతిగా మూసే ఆదేశం) చేసిన తరువాతనే డిస్కులు తీయండి. ఎక్స్‌పోర్ట్ చేయకుండా తీస్తే, ఈ పూల్ వేరే యంత్రం వాడుతోందని కొత్త సర్వర్ ఆపుతుంది. బలవంతపు ఇంపోర్ట్‌తో దాటవచ్చు గాని, ఆ ఆపడం ఉన్నది రెండు యంత్రాలు ఒకేసారి రాసి పూల్‌ను నాశనం చేయకుండా ఉండడానికే. డెబియన్‌లో మొదటిసారి చదవడానికి మాత్రమే, మౌంట్ చేయకుండా (ఫోల్డర్లుగా తెరవకుండా) ఇంపోర్ట్ చేయండి. అప్పుడు డిస్కు మీద ఏదీ మారదు, వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంటుంది.

ఆ దారిని నేను ఒకసారి నా చేతులతోనే మూసుకున్నాను. మా కార్యాలయంలో ఇలాగే పూల్ మార్చినప్పుడు, కొన్ని ఫీచర్లు ఇంకా ఆన్ చేయలేదని స్టేటస్‌లో వచ్చిన సందేశాన్ని హెచ్చరికగా భావించి ‘జెడ్‌పూల్ అప్‌గ్రేడ్’ ఇచ్చాను. వారం తరువాత వేరే కారణంతో పాత యంత్రానికి తిరిగి వెళ్లాల్సి వస్తే, అది పూల్‌ను తెరవలేదు. అప్‌గ్రేడ్‌ను వెనక్కి తిప్పే ఆదేశం లేదు. ఆ సందేశాన్ని ఎన్నాళ్లయినా అలాగే ఉంచవచ్చు, నష్టమేమీ లేదు.

చంపావతి

గంటస్తంభం గారు చెప్పిన సాంకేతిక విషయాలన్నీ సరైనవే. నా అభ్యంతరం ఆ నాలుగు డిస్కులను రైలెక్కించడం మీద.

రెయిడ్‌జెడ్1 ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది, రెండు పోతే మొత్తం పోతుంది. ఏళ్ల తరబడి ఒకే గదిలో ఆగకుండా తిరిగిన డిస్కులను ఆపి, చల్లారనిచ్చి, సంచిలో పెట్టి, ప్లాట్‌ఫారం మీద దించి, మళ్లీ తిప్పినప్పుడు రెండు ఒకేసారి మొరాయించవని ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండో కాపీ ఉన్నవారు ఆ సాహసం చేయవచ్చు. మీకు లేదు. పోయిన మనుషుల గొంతులని మీరే రాశారు.

ఇంటర్నెట్ ద్వారా పంపడం కూడా కుదరదు. అప్‌లోడ్ సెకనుకు 5 మెగాబైట్లు నిలకడగా వచ్చినా 6 టెరాబైట్లకు సుమారు 14 రోజులు పడుతుంది. అందుచేత పాత డిస్కులను విజయనగరం తీసుకువెళ్లే బదులు, కొత్త సర్వర్‌నే రెండు రోజులు శ్రీకాకుళం తీసుకురండి. ఆ రెండు 8 టెరాబైట్ల డిస్కులను మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేటట్టు) కలిపి డెబియన్‌లో కొత్త పూల్ తయారుచేయండి. మీ 6 టెరాబైట్లు అందులో పడతాయి. రెండు యంత్రాలను ఒక నెట్‌వర్క్ కేబుల్‌తో నేరుగా కలిపి ‘జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్’, ‘రిసీవ్’ చేయండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు దాదాపు 110 మెగాబైట్లు వెళ్తాయి కాబట్టి 15 గంటల పని. పాత పూల్ ఆగనక్కరలేదు, కదలనక్కరలేదు. కింద గెలి ఉన్నా కూడా ఈ పద్ధతిలో అడ్డు రాదు, ఎందుకంటే పంపేటప్పుడు డేటా ఆ పొర పైనుంచి, ఎన్‌క్రిప్షన్ విప్పిన రూపంలోనే వస్తుంది.

అయిదు డేటాసెట్లనూ విడివిడిగా పంపండి. అన్నింటినీ కలిపి ఒకే ప్రవాహంగా పంపితే మధ్యలో తెగినప్పుడు అతికించుకోవడం చిక్కు. ఒక్కొక్క డేటాసెట్‌కు మొదట అన్నింటికన్నా పాత స్నాప్‌షాట్‌ను (ఒక క్షణాన డేటా ఎలా ఉందో నిలిపి ఉంచిన రూపాన్ని) పూర్తిగా, ఆ తరువాత నేటి స్నాప్‌షాట్ వరకు మధ్యవన్నీ కలిపి పంపండి. అందుకునే వైపు, తెగితే కొనసాగించగలిగే ఆప్షన్ తప్పకుండా పెట్టండి. అప్పుడు కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, అందుకున్నంత మేరకు నిలిచి ఉంటుంది. ఒక టోకెన్ వస్తుంది, దానిని పంపే వైపు ఇస్తే అక్కడి నుంచే సాగుతుంది.

పూర్తయ్యాక రెండు వైపులా ప్రతి స్నాప్‌షాట్‌కు ‘గైడ్’ అనే విలువను చూడండి. సరిగా అందిన స్నాప్‌షాట్‌కు అది రెండు చోట్లా ఒకటే ఉంటుంది. తరువాత కొత్త పూల్ మీద స్క్రబ్ నడపండి, ప్రతి బ్లాకును చదివి చెక్‌సమ్‌తో (ముందే లెక్కకట్టి దాచిన సంఖ్యతో) సరిచూస్తుంది.

డెబియన్ గురించి ఒక మాట. లైసెన్సుల కారణంగా అక్కడ జెడ్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంతో) కలిసి రాదు. దానిని కెర్నెల్‌కు జోడించే మాడ్యూల్ మీ యంత్రంలోనే తయారవుతుంది, ఆ తయారీకి హెడర్లు అనే ఆ కెర్నెల్ ఫైళ్లు ఉండాలి. కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు హెడర్ల ప్యాకేజీ లేకపోతే, రీబూట్ తరువాత పూల్ కనిపించదు. అప్పుడు కంగారు పడి డిస్కుల మీద ఏ ఆదేశమూ ఇవ్వకండి. డేటాకు ఏమీ కాదు, మాడ్యూల్ తయారైతే పూల్ వస్తుంది.

వంశధార

డిస్కుల సంగతి పై ఇద్దరూ చెప్పారు. బ్లాకులు క్షేమంగా చేరడం ఈ పనిలో సగమే. ఫైలు ఎవరిది, ఎవరు తెరవవచ్చు, దాని పేరేమిటి అన్న మూడు విషయాల దగ్గర రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల అలవాట్లు వేరు. నేను ఎక్కువగా చూసిన నష్టాలు అక్కడివే.

ఫైలు యజమాని డిస్కు మీద పేరుగా కాక అంకెగా ఉంటుంది. మామూలు వాడుకదారులకు ఫ్రీబీఎస్‌డీ 1001 నుంచి, డెబియన్ 1000 నుంచి అంకెలు ఇస్తాయి. ఆ ఒక్క అంకె తేడాతో, మీ ఫ్రీబీఎస్‌డీలోని మొదటి వ్యక్తి ఫైళ్లన్నీ డెబియన్‌లో రెండో వ్యక్తివిగా కనిపిస్తాయి. వెబ్ సర్వర్ ఖాతా కూడా అక్కడ 80, ఇక్కడ 33. చాలామంది వెంటనే ఫైళ్ల యాజమాన్యం మార్చే ఆదేశం ఇస్తారు. స్నాప్‌షాట్లు మార్చలేనివి కాబట్టి వాటిలో పాత అంకెలే మిగిలిపోతాయి, తరువాత పాత ఫైలును వెనక్కి తెచ్చిన ప్రతిసారీ గందరగోళం మొదలవుతుంది. ఫైళ్లను అలాగే ఉంచి, డెబియన్‌లోని వాడుకదారుల అంకెలనే పాతవాటికి సరిపోయేటట్టు మార్చుకోండి.

అనుమతుల విషయంలో, ఎవరికి ఏ అనుమతి అన్నది చెప్పడానికి ఫ్రీబీఎస్‌డీ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఎన్‌ఎఫ్‌ఎస్4 తరహా జాబితాలు వాడుతుంది. లినక్స్ పనిముట్లకు తెలిసినవి పోసిక్స్ తరహావి. పాతవి కొత్తవిగా వాటంతట అవి మారవు. మీరు సాంబాతో (విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌తో) ఫోల్డర్లు పంచుకుంటూ ఉంటే, ఎవరికి ఏ ఫోల్డరు అన్నది పాత సర్వర్ నడుస్తూ ఉండగానే ఒక కాగితం మీద రాసుకోండి. కొత్తచోట డేటాసెట్లకు పోసిక్స్ జాబితాలు ఆన్ చేసి, ఆ కాగితం చూసి మళ్లీ ఇవ్వండి. మీ బృందం చిన్నది కనుక ఒక పూట పని.

ఇక పేర్లు. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ‘తప్పెటగుళ్లు’ మన కంటికి అయిదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకు వచ్చి 12 అవుతాయి. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ప్రతి యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు కావాలి, కనుక ఆ ఒక్క మాటకు 36 బైట్లు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో పేరు పొడవు పరిమితి 255 యూటీఎఫ్-16 ప్రమాణాలు, అంటే 255 తెలుగు గుర్తులు పడతాయి. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌టీ4లోనూ, మీ జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనూ పరిమితి 255 బైట్లు, అంటే 85 గుర్తులే. పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, తేదీ అన్నీ ఫైలు పేరులోనే రాసే అలవాటుంటే 85 ఇట్టే దాటిపోతుంది. విండోస్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ఉన్న ఫైలు, లినక్స్‌లోకి కాపీ చేసేటప్పుడు పేరు మరీ పొడవన్న లోపంతో ఆగిపోతుంది. వేల ఫైళ్ల కాపీలో ఆ వరుసలు తెర మీద దాటిపోతే, కొన్ని ఫైళ్లు రాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి కాపీ చేసే ముందే విండోస్‌లో 85 దాటిన పేర్ల జాబితా తీసి కుదించండి. లోపాలను ఒక ఫైలులోకి రాయించుకుని, చివర రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడండి.

ఆ విండోస్ కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేశాకనే డిస్కు తీయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది సగం నిద్రలోనే ఉంటుంది, అలాంటి డిస్కును లినక్స్ రాయడానికి తెరవదు. మీకు చదివితే చాలు గనుక, ఎలాగూ చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. డెబియన్ 12 కెర్నెల్‌లో అలాంటి డిస్కును చదివే ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవరు ఉంది.

మరొక ప్రశ్న: మీ రికార్డింగులలో ఎప్పుడైనా మ్యాక్ నుంచి వచ్చినవి ఉన్నాయా?

నాగావళి తీరం (శ్రీకాకుళం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. చంపావతి గారి మాట ప్రకారం కొత్త సర్వర్‌నే కారులో శ్రీకాకుళం తీసుకువచ్చాము. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం ఉదయానికి అయిదు డేటాసెట్లూ చేరాయి. మూడో డేటాసెట్ నడుస్తూ ఉండగా కరెంటు పోయి, పాత యూపీఎస్ పది నిమిషాలు కూడా నిలబడలేదు. కొనసాగించే ఆప్షన్ పెట్టి ఉండడం వల్ల టోకెన్ ఇచ్చి, ఆగినచోటి నుంచే పంపాము. అన్ని స్నాప్‌షాట్ల గైడ్ విలువలూ కలిశాయి. స్క్రబ్‌లో ఒక్క లోపం కూడా రాలేదు. గెలి లేదని కూడా చూసుకున్నాము.

అంకెల సంగతి వంశధార గారు చెప్పినట్టే జరిగింది. వీడియోలన్నీ ఈ మధ్యనే చేరిన ఒక అమ్మాయి పేరు మీద కనిపించాయి. ఫైళ్ల జోలికి వెళ్లకుండా డెబియన్‌లోని ఖాతాల అంకెలు మార్చగానే అన్నీ సరిగా వచ్చాయి. విండోస్ డిస్కులో 85 దాటిన పేర్లు 212 తేలాయి. ముందే జాబితా తీయకపోతే ఆ 212 ప్రతిలేఖనాలు లేకుండానే పని పూర్తయిందని అనుకునేవాళ్లం. పేర్లు కుదించే ముందు పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఒక పట్టికలో రాసి ఉంచాము.

మ్యాక్ గురించి ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమవుతోందనుకుంటాను. వీడియోలు తీసిన మిత్రుడి పాత మ్యాక్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో వచ్చిన ఫోల్డర్లు ఉన్నాయి. కొత్త సర్వర్‌లో ‘పైడితల్లి’ అని వెతికితే సిరిమాను ఉత్సవం వీడియోలలో సగమే కనిపిస్తున్నాయి. ఫోల్డరు తెరిచి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి, అక్షరాలలో నాకు ఏ తేడా కనిపించడం లేదు. పాత సర్వర్‌లోనూ ఇలాగే ఉండేదని ఇప్పుడు చూసి తెలుసుకున్నాను.

వంశధార

అదేనండీ. తేడా ‘పై’ లో ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన కీబోర్డులు మొదటి రకం రాస్తాయి. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ప్రతి పేరునూ రెండో రకంలోకి విడగొట్టి దాచేది. ఆర్‌సింక్ ఆ బైట్లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చింది. అందుకే ‘పైడితల్లి’ ఒకచోట 27 బైట్లు, మరొకచోట 30 బైట్లు. తెలుగు లిపిలో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే కాబట్టి ‘పైడితల్లి’ దొరకదు, ‘తప్పెటగుళ్లు’ దొరుకుతుంది.

కాన్వ్‌ఎమ్‌వీ అనే పనిముట్టు డెబియన్‌లో ఉంది. యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే, ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాసే రూపంలోకి) మార్చమని చెప్పండి. మొదటిసారి అది ఏ పేరునూ మార్చకుండా, ఏమేమి మారుతాయో మాత్రమే చూపిస్తుంది. ఆ జాబితా చదివి, ఒకే ఫోల్డరులో రెండు రూపాలలోనూ అదే పేరున్న ఫైళ్లు లేవని నిర్ధారించుకుని, స్నాప్‌షాట్ తీసిన తరువాత అసలు మార్పు చేయండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెండు రూపాలనూ ఒకటిగా పోల్చే నార్మలైజేషన్ అనే లక్షణం ఉంది గాని, అది డేటాసెట్ సృష్టించేటప్పుడు మాత్రమే పెట్టగలిగేది, ఇప్పటికే అందుకున్న డేటాసెట్లకు వర్తించదు. ఇకమీద కొత్త రికార్డింగులకు డేటాసెట్ చేసేటప్పుడు మొదటే పెట్టుకోండి.

చంపావతి

నాగావళి గారూ, చాలా సంతోషం. పాత నాలుగు డిస్కులను ఇప్పుడే చెరిపేయకండి. విజయనగరంలో కొత్త సర్వర్‌ను పెట్టి, పేర్లు, అనుమతులు సరిదిద్దుకుని, బృందంలో అందరూ కొన్నాళ్లు వాడేవరకు పాత పూల్‌ను శ్రీకాకుళంలోనే ఉంచండి. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు మాత్రం దూరంగా పెట్టండి.

ఆ తరువాత దానిలోనూ డెబియన్ వేసి, అవే డిస్కులను, గంటస్తంభం గారు చెప్పినట్టు కదలకుండా అక్కడే ఇంపోర్ట్ చేయవచ్చు. అప్పుడు పూల్‌కు ‘కంపాటిబిలిటీ’ అనే లక్షణం పెట్టండి. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.1తో వచ్చిన ఆ సదుపాయంలో పాత ఫ్రీబీఎస్‌డీ వెర్షన్ల ఫీచర్ల జాబితాలు ముందే ఉన్నాయి. పొరపాటున ఎవరైనా అప్‌గ్రేడ్ ఇచ్చినా ఆ జాబితా దాటి ఏ ఫీచరూ ఆన్ కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లను చూసినవాళ్లం కనుక, ఒక కాపీ విజయనగరంలో, మరొకటి శ్రీకాకుళంలో ఉండాలని నా అభిప్రాయం. వారానికొకసారి మారినంత మేరకు మాత్రమే స్నాప్‌షాట్లు పంపితే, మీ ఇంటర్నెట్ దానికి సరిపోతుంది. పాత యంత్రానికి యూపీఎస్ బ్యాటరీ మాత్రం ముందు మార్చండి.